ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3: ఎనిమిది బిట్ల రేడియో ఎంతవరకు పనికొస్తుంది?

పెన్‌డ్రైవ్ కంటే కాస్త పెద్దదిగా, వెండి రంగు అల్యూమినియం డబ్బీలో వచ్చే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 అనే రిసీవర్‌ను కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టుకు తగిలించి, యాంటెన్నా కలిపి, ఉచితంగా దొరికే ఏదైనా ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో, అంటే రేడియో పనిలో ఎక్కువ భాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో చేసే పద్ధతి) సాఫ్ట్‌వేర్‌ను తెరిస్తే, 500 కిలోహెర్ట్జ్ మొదలుకొని 1766 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న సంకేతాలను తెర మీద చూడవచ్చు, వినవచ్చు, డీకోడ్ చేయవచ్చు. హైదరాబాదులో మా డాబా మీద యాంటెన్నా పెట్టి దీన్ని కొంతకాలంగా వాడుతున్నాను. ఇంత తక్కువ ధరలో ఇంత పని చేసే రేడియో మరొకటి నాకు తెలియదు. అయితే దీని గొప్పతనమూ, దీని పరిమితీ ఒకే చోట నుంచి వస్తాయి. అనలాగ్ పని ఎక్కడ ముగించి డిజిటల్ పని ఎక్కడ మొదలుపెట్టాలన్న నిర్ణయమే ఆ చోటు. కొనే ముందు ఆ సంగతి తెలుసుకుంటే ఈ పరికరం నుంచి ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో స్పష్టమవుతుంది.

ఇందులోని ప్రధానమైన చిప్పును తైవాన్‌కు చెందిన రియల్‌టెక్ సంస్థ అసలు రేడియో ప్రయోగాల కోసం తయారు చేయలేదు. యూరప్‌లో వాడే డీవీబీ-టీ పద్ధతి డిజిటల్ టీవీని కంప్యూటర్‌లో చూపించే చవక స్టిక్కుల కోసం రూపొందించిన ఆర్‌టీఎల్2832యూ చిప్పు ఇది. మన దూరదర్శన్ భూతల డిజిటల్ ప్రసారాలు డీవీబీ-టీ2 పద్ధతిలో ఉన్నందున టీవీగా ఇది మనకు అక్కరకు రాదు. ఈ స్టిక్కులలో ఎఫ్ఎం రేడియో వినడానికి ఒక అదనపు మార్గం పెట్టారు. ఆ మార్గంలో చిప్పు తానుగా డీమాడ్యులేషన్ (సంకేతం నుంచి అసలు సమాచారాన్ని విడదీయడం) చేయకుండా, పట్టుకున్న శాంపిళ్లను (సంకేతాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలను) ఉన్నవి ఉన్నట్టుగా కంప్యూటర్‌కు పంపి, మిగతా పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తుంది. 2012లో ఫిన్లాండ్‌కు చెందిన లినక్స్ డెవలపర్ ఆంటి పలోసారి ఈ సంగతిని బయటపెట్టాక, ఓస్మోకామ్ అనే ఓపెన్‌సోర్స్ బృందంలోని స్టీవ్ మార్క్‌గ్రాఫ్ తదితరులు దానికి డ్రైవర్ రాశారు. శాంపిళ్లు చేతికి అందాయంటే ఎఫ్ఎం ఒక్కటే కాదు, ఏ సంకేతాన్నైనా విప్పవచ్చు. వీ3 ఆ పాత స్టిక్కు రూపాన్నే, రేడియో అవసరాలకు తగినట్టుగా దిద్ది తీసుకొచ్చినది.

లోపల జరిగే పనిని కాస్త దగ్గరగా చూడడం అవసరం. యాంటెన్నా నుంచి వచ్చిన సంకేతం ముందుగా రఫాయెల్ మైక్రో వారి ఆర్820టీ2 ట్యూనర్ చిప్పులోకి వెళుతుంది. అక్కడ దాన్ని పెద్దది చేసి, మనం కోరిన పౌనఃపున్యం నుంచి 3.57 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉండే తక్కువ ఇంటర్మీడియట్ పౌనఃపున్యానికి దించుతారు. దాన్ని ఆర్‌టీఎల్2832యూ సెకనుకు 2.88 కోట్ల సార్లు, ఒక్కో శాంపిల్‌కు ఎనిమిది బిట్ల చొప్పున కొలుస్తుంది. అక్కడి నుంచి అంతా అంకగణితమే: చిప్పులోని డిజిటల్ భాగం ఆ సంకేతాన్ని సున్నా పౌనఃపున్యానికి తెచ్చి, ఫేజ్‌లో (తరంగ దశలో) 90 డిగ్రీల తేడా ఉండే ఐ, క్యూ అనే రెండు పాయలుగా విడగొట్టి, వడపోసి, సెకనుకు 24 లక్షల శాంపిళ్లకు కుదించి యూఎస్‌బీ ద్వారా పంపుతుంది. ఐకి ఒకటి, క్యూకు ఒకటి చొప్పున శాంపిల్‌కు రెండు బైట్ల లెక్కన అది సెకనుకు 4.8 మెగాబైట్లు.

ఇక్కడ నాకు బాగా నచ్చినది ఐ, క్యూ పాయల విభజన డిజిటల్ వైపు జరగడం. తొలినాళ్ల స్టిక్కులలో కొన్నింటిలో ఉన్న ఇ4000 ట్యూనర్ ఆ విభజనను అనలాగ్ భాగంలోనే చేసేది. రెండు అనలాగ్ దారులు అచ్చంగా ఒకేలా ఉండడం అసాధ్యం కాబట్టి, ఒక దారిలో గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) కొంచెం ఎక్కువైనా, ఫేజ్ 90 డిగ్రీలకు కొంచెం అటూ ఇటూ అయినా, అసలు సంకేతానికి అవతలి పక్కన దాని ప్రతిబింబం మొలుస్తుంది. తెర సరిగ్గా మధ్యలో ఒక నిటారు ముల్లు కూడా నిలబడుతుంది. ఆర్820టీ2 ఒకే దారిలో సంకేతాన్ని దించి, విభజనను లెక్కలకు అప్పగించినందున ఆ రెండు దోషాలూ దాదాపుగా కనిపించవు. ఇంజనీరింగ్ కళాశాలలో ఇమేజ్ రిజెక్షన్ (ఇలాంటి ప్రతిబింబాన్ని అణచడం) అన్న పాఠాన్ని సూత్రంగా చదివిన విద్యార్థికి ఇది కళ్ల ముందు కనిపించే రుజువు.

ఇక పరిమితి సంగతి. ఎనిమిది బిట్ల కన్వర్టర్ (అనలాగ్ సంకేతాన్ని అంకెలుగా మార్చే భాగం) సిద్ధాంతరీత్యా ఇవ్వగల సిగ్నల్-నాయిస్ నిష్పత్తి, అంటే రొదతో పోల్చితే సంకేతం బలం, సుమారు 50 డెసిబెల్. ఆచరణలో ఇంకా తక్కువే ఉంటుంది. 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పులోంచి 10 కిలోహెర్ట్జ్ ముక్కను మాత్రమే వడగట్టుకుంటే నాయిస్ 240వ వంతుకు పడిపోయి మరో 24 డెసిబెల్ మేలు కలుగుతుంది గనుక, సన్నని సంకేతాలకు ఈ లోటు పెద్దగా తెలియదు. పక్కన బలమైన స్టేషన్ ఉన్నప్పుడే కష్టం మొదలవుతుంది. బలమైన దానికి కన్వర్టర్ పొంగిపోకుండా గెయిన్ తగ్గిస్తే బలహీనమైనది అట్టడుగు బిట్ కిందికి జారిపోతుంది. పెంచితే ట్యూనర్ లోపలే సంకేతాలు ఒకదానితో ఒకటి కలిసి లేని స్టేషన్లను పుట్టిస్తాయి. హైదరాబాదులో ఇది చూడడం చాలా తేలిక. గెయిన్‌ను చివరి మెట్టు అయిన 49.6 డెసిబెల్‌కు పెడితే, 101.9లోని రెయిన్‌బో, 102.8లోని వివిధ భారతి కలిసి 101.0 మెగాహెర్ట్జ్ వద్ద ఒక దొంగ సంకేతాన్ని సృష్టిస్తాయి. మొదటిదాన్ని రెండింతలు చేసి రెండోదాన్ని తీసివేస్తే వచ్చే అంకె అదే. అది దొంగదో నిజమైనదో తేల్చడానికి గెయిన్‌ను 10 డెసిబెల్ తగ్గించి చూడాలి. నిజమైన స్టేషన్ 10 డెసిబెల్ మాత్రమే తగ్గుతుంది. ఇలా పుట్టినది అంతకు మించి, సిద్ధాంతం ప్రకారమైతే 30 డెసిబెల్ దాకా కూలిపోతుంది. నా వాడకంలో ఎఫ్ఎం బ్యాండుకు 20 డెసిబెల్ పరిసరాల్లో గెయిన్ సరిపోయింది. ఆటోమేటిక్ గెయిన్‌ను మాత్రం నమ్మవద్దని నా సలహా.

పాత టీవీ స్టిక్కులతో పోల్చితే వీ3లో అసలైన మెరుగుదల దాని క్లాకు. సాధారణ క్రిస్టల్ బదులు ఇందులో ఉష్ణోగ్రతకు తగ్గట్టు తనను తాను సర్దుకునే 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు తేడా) ఆసిలేటర్ ఉంది. పాత స్టిక్కులో 60 పీపీఎం తేడా ఉందనుకుంటే, 1090 మెగాహెర్ట్జ్ వద్ద అది 65 కిలోహెర్ట్జ్ తప్పు. వీ3లో 1 కిలోహెర్ట్జ్‌కు కాస్త ఎక్కువ. 1090 మెగాహెర్ట్జ్‌నే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నానంటే, విమానాలు తమ స్థానాన్నీ ఎత్తునూ చాటే ఏడీఎస్-బీ సందేశాలు అక్కడే వస్తాయి, ఈ పరికరం అత్యంత సమర్థంగా చేసే పనీ అదే. ఒక్కో పొడవైన సందేశంలో 8 మైక్రోసెకన్ల పీఠిక, తర్వాత మైక్రోసెకనుకు ఒకటి చొప్పున 112 బిట్లు ఉంటాయి. ప్రతి బిట్‌లోనూ పల్స్ మొదటి సగంలో ఉందా, రెండో సగంలో ఉందా అన్నదే విషయం కాబట్టి, సెకనుకు 20 లక్షల శాంపిళ్లు తీసుకుంటే ఒక్కో సగానికి ఒక్కో శాంపిల్ దక్కుతుంది. ఈ పనికి ఎనిమిది బిట్లు ధారాళంగా చాలు. డంప్1090 అనే ఉచిత ప్రోగ్రాం నడుపుతూ శంషాబాదులో దిగే విమానాల ఎత్తు 25 అడుగుల మెట్లలో తగ్గుతూ రావడం తెర మీద చూస్తుంటే, ఈ డబ్బీ మీద గౌరవం పెరుగుతుంది.

24 మెగాహెర్ట్జ్ కింది షార్ట్‌వేవ్, మీడియంవేవ్ వినడానికి ట్యూనర్‌ను దాటవేసి సంకేతాన్ని నేరుగా కన్వర్టర్‌కు ఇచ్చే డైరెక్ట్ శాంప్లింగ్ ఏర్పాటు ఉంది. ఇది వీ3లో బలహీనమైన అంశం. సెకనుకు 2.88 కోట్ల శాంపిళ్లు తీసేటప్పుడు 14.4 మెగాహెర్ట్జ్ దగ్గర పౌనఃపున్యాలు మడత పడతాయి, అందుకే 15.1 మెగాహెర్ట్జ్‌లోని స్టేషన్ 13.7 మెగాహెర్ట్జ్ మీద వచ్చి కూర్చుంటుంది. ట్యూనర్ లేదు గనుక గెయిన్ సర్దుకునే వీలూ లేదు. ఆకాశవాణి హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్ మీద చక్కగా వినిపిస్తుంది కానీ, దాని ధాటికి దూరపు స్టేషన్లు అణగిపోతాయి. షార్ట్‌వేవే ప్రధానమనుకునేవారు 2023లో వచ్చిన వీ4ను కొనడం మంచిది. అందులో తక్కువ పౌనఃపున్యాలను 28.8 మెగాహెర్ట్జ్ మేర పైకి ఎత్తి ఆర్828డీ ట్యూనర్ గుండానే పంపుతారు కాబట్టి ఈ రెండు ఇబ్బందులూ తీరాయి. అయితే దానికి కొత్త డ్రైవర్లు తప్పనిసరి.

వీ3 కాసేపు నడిచాక చేతికి వెచ్చగా తగులుతుంది. లోపలి వేడిని డబ్బీకి చేరవేసే ప్యాడ్ పెట్టారు కాబట్టి అది లోపం కాదు. యాంటెన్నా దగ్గరి యాంప్లిఫయర్‌కు కేబుల్ ద్వారానే 4.5 వోల్టుల కరెంటు పంపే బయాస్ టీ సదుపాయం ఉంది; డీసీ షార్టుగా ఉండే (డీసీ కరెంటుకు రెండు కొసలూ నేరుగా కలిసిపోయి ఉండే) యాంటెన్నాలు తగిలించినప్పుడు దాన్ని ఆపి ఉంచాలి. ఇదే రూపంలో నకిలీలు విరివిగా దొరుకుతున్నాయి కాబట్టి, తయారీదారు తన సైటులో పేర్కొన్న అమ్మకందారుల దగ్గరే కొనాలి.

ఇంతకంటే మెరుగైనది కావాలంటే ఎయిర్‌స్పై మినీ ఉంది. అందులోని ట్యూనర్ కూడా ఆర్820టీ2నే. కన్వర్టర్ మాత్రం 12 బిట్లది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే బలమైన స్టేషన్ పక్కన బలహీనమైనది నిలబడే తీరులో తేడా తెలుస్తుంది. ధర కూడా ఆ మేరకు పెరుగుతుంది. ప్రసారం కూడా చేయగల అనలాగ్ డివైసెస్ వారి ప్లూటో ఇంకా ఖరీదైనది, పైగా ప్రసారానికి మన దేశంలో వైర్‌లెస్ లైసెన్సు తప్పనిసరి. కమ్యూనికేషన్స్ చదివే విద్యార్థి వీ3తోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. దానితో పాటు ఎఫ్ఎం బ్యాండును అడ్డుకునే ఒక ఎఫ్ఎం నాచ్ ఫిల్టర్, కంప్యూటర్ రొదకు దూరంగా డబ్బీని జరిపేందుకు మీటరు పొడవు యూఎస్‌బీ కేబుల్ కొనుక్కోవాలి. నగరంలో ఉండేవారికి ఖరీదైన యాంటెన్నా కంటే ముందుగా కావలసినవి ఈ రెండే.