ఒక్క సెట్ అమ్మని షాపు: అమలాపురంలో సీబీ రేడియో కొన్నాక

అమలాపురం గడియార స్తంభం దగ్గర ఒక సందులో పాత టీవీ, రేడియో రిపేరు షాపు ఉంది. అక్కడ సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియో సెట్లు, అంటే మామూలు జనం ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలు అమ్ముతారు, ఇంటికొచ్చి ఏంటెన్నా బిగిస్తారు, పాడైతే బాగుచేస్తారు. నేను వెళ్లి ఒక సెట్ కావాలంటే, మెకానిక్ గారు ధర చెప్పకుండా "అవతల ఎవరున్నారు టీచర్ గారూ?" అని అడిగారు. ఇంకా ఎవరూ లేరన్నాను. "ఆయ్, అయితే ఎవరినైనా ఒప్పించి తీసుకురండి. జతగా అయితేనే ఇస్తానండి" అన్నారు. అమ్మే సరుకును చేతిలో పెట్టుకుని ఇలా వెనక్కి పంపే షాపును నేనెక్కడా చూడలేదు. కానీ సీబీ హాబీ మన దగ్గర నిలబడాలంటే ఇలాంటి షాపులే కావాలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లు దాటకుండా, లైసెన్సు లేకుండా మాట్లాడుకోవచ్చని మన దేశంలో 2005లో నిబంధనలు వచ్చాయి. ఔత్సాహికులు నడిపే హామ్ రేడియోకు పరీక్ష రాసి కాల్ సైన్ (గాల్లో చెప్పుకునే గుర్తింపు పేరు) తెచ్చుకోవాలి, దీనికి ఆ అవసరం లేదు. అమెరికా సెట్లలో 40 ఛానెళ్లు ఉంటాయి గానీ మన హద్దులోకి వచ్చేవి మొదటి 27 మాత్రమే. 28వ ఛానెల్ 27.285 దగ్గర ఉంది కాబట్టి అది బయటే. చాలా దేశాలకు పనికొచ్చేలా తయారైన కొన్ని సెట్లలో ఇండియా సెట్టింగ్ ఉంటుంది. ఈ షాపులో దాన్ని మన కళ్ల ముందే పెట్టి, 27 తర్వాత మళ్లీ ఒకటికి తిరుగుతోందని చూపించి ఇస్తారు. బిల్లుతో పాటు టైప్ అప్రూవల్ కాగితం (ఆ మోడల్‌కు ప్రభుత్వ ఆమోదం ఉందని చూపేది) కాపీ కూడా ఇచ్చారు. ఆన్‌లైన్‌లో వాకీటాకీలను ఏ ఫ్రీక్వెన్సీవో, లైసెన్సు కావాలో వద్దో చెప్పకుండా అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పెద్ద పెద్ద సైట్లకే నోటీసులిచ్చింది. అందుకే ఆ కాగితం ముఖ్యం.

అసలు పనితనం ఏంటెన్నా దగ్గర కనిపించింది. మా ఇల్లు మలికిపురం దగ్గర, చుట్టూ కొబ్బరితోట. చెట్టుకు కట్టేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అన్నారు మా ఆయన. మెకానిక్ గారు ఒప్పుకోలేదు. గాలికి చెట్టు ఊగితే వైరు తెగుతుందని, వానకు తడిసిన మట్టలు సిగ్నల్‌ను తినేస్తాయని చెప్పి, డాబా మీదే పైపు నిలబెట్టారు. 27 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు దాదాపు 11 మీటర్లు. అందులో సగం, అంటే సుమారు 18 అడుగుల అల్యూమినియం కడ్డీ. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (ఏంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపేది, ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది) పెట్టి, కడ్డీ కొసను అంగుళం అంగుళం సరిచేస్తూ ముల్లు 1.3 దగ్గర ఆగేదాకా దిగలేదు. మాది ఉప్పుగాలి తగిలే చోటు, ఇనుప మేకు ఏడాది తిరక్కుండానే తుప్పు పడుతుంది. అందుకని ప్రతి అతుకుకూ సీలెంట్ పూసి, స్టీలు బోల్టులే వాడారు. ఉరుములు మొదలుకాకముందే ఏంటెన్నా వైరు పీకేయమని మా అబ్బాయి చేత నాలుగుసార్లు చేయించి మరీ చూపించారు.

సెట్ ఆన్ చేస్తే ఒకటే గరగర. ఇంట్లో ఒక్కో స్విచ్చీ ఆపుకుంటూ వెళ్లి, వంటింటి ఎల్‌ఈడీ బల్బు ఒకటి, ఇన్వర్టర్ ఒకటి కారణమని పట్టుకున్నారు. బల్బు మార్చాం, ఇన్వర్టర్ వైర్లకు ఫెరైట్ ముక్కలు (గరగరను అడ్డుకునే అయస్కాంత పదార్థం) తగిలించారు. సెట్‌లో మాట పంపే పద్ధతులు రెండు: ఏఎంలో గరగర ఇంకా కొంచెం ఉంది, ఎఫ్ఎంలో మాట శుభ్రంగా వస్తోంది. రొయ్యల చెరువుల దగ్గర మోటార్లున్నవాళ్లు ఎఫ్ఎం ఉన్న సెట్టే అడగండి. అమెరికా కూడా సీబీలో ఎఫ్ఎంకు 2021లో అనుమతి ఇచ్చింది.

నా జత మా తమ్ముడు. వాడు నరసాపురంలో ఉంటాడు, మధ్యలో వశిష్ఠ గోదావరి. గాల్లో కొలిస్తే పది పన్నెండు కిలోమీటర్లు. నేల చదునుగా ఉండడం వల్ల 4 వాట్లతోనే పక్క గదిలో ఉన్నట్టు వినిపిస్తాడు. "అక్కా, సఖినేటిపల్లి పంటు (ఏరు దాటించే పడవ) ఆపేశారు, రేపు చించినాడ వంతెన మీదుగా రా" అని వరద రోజుల్లో వాడు చెబితే, అదే ఛానెల్లో వింటున్న ఇంకో ఇద్దరు ముగ్గురు థాంక్స్ చెబుతారు. ఫోన్‌లో ఇది జరగదు. ఒకరు చెప్పింది అందరికీ వినిపించడమే సీబీ అందం. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు తరంగాల పాఠం చెప్పాక సాయంత్రం మైక్ ఇస్తే, బటన్ వదిలితేగానీ అవతలి మాట వినపడదని తెలుసుకుని, వంతులు వాళ్లే పెట్టుకున్నారు. వాళ్లలో కొందరైనా రేపు హామ్ పరీక్ష రాస్తారని నా ఆశ.

ఈ హాబీకి భవిష్యత్తు ఉందా అని చాలామంది అడుగుతున్నారు. దూరదేశాల గొంతులు వినాలని సెట్ కొనేవాళ్లకు రాబోయే కొన్నేళ్లు చప్పగా ఉంటాయి. సూర్యుడి మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. అవి ఎక్కువగా ఉన్నప్పుడు 27 మెగాహెర్ట్జ్ తరంగాలు పై వాతావరణంలోంచి తిరిగొచ్చి వేల కిలోమీటర్లు పోతాయి. ఈసారి ఉచ్ఛదశ 2024లో వచ్చింది, ఇక తగ్గుముఖమే. మా లాంటి ఊళ్లకు అది మంచిదే, ఛానెల్ ప్రశాంతంగా ఉండి దగ్గరివాళ్లు బాగా వినిపిస్తారు. అమెరికాలో 1970ల్లో లారీ డ్రైవర్లతో ఊపందుకున్న ఈ సరదా సెల్‌ఫోన్లు వచ్చాక మరీ తగ్గిపోయిందంటారు. నిజమే. కానీ 1996 నవంబర్ 6 తుపాను తర్వాత మనవాళ్లు ఎక్కడున్నారో తెలియక కోనసీమలో ఎన్ని ఇళ్లు ఎదురుచూశాయో మా వయసువాళ్లకు గుర్తే. టవరు, కరెంటు రెండూ పోయినా 12 వోల్టుల బ్యాటరీతో పనిచేసేది ఊరికి నాలుగు ఇళ్లలో ఉండాలి. అది నిత్యం వాడుతున్న హాబీగా ఉంటేనే ఆ రోజుకి చెయ్యి తిరిగి ఉంటుంది.

లోపాలూ చెప్పాలి. ఫోన్ చేస్తే ఎత్తరు, మనిషి వెళ్లాల్సిందే. మైక్ కేబుల్ పోతే కొత్తది రావడానికి వారాలు పట్టింది. రెండు సెట్లు, రెండు ఏంటెన్నాలు, బిగింపు కలిపి మాకు యాభై వేలు దాటింది. మధ్యతరగతికి ఇది తేలిక కాదు. చేతిలో పట్టుకునే చిన్న సెట్లు అమ్మరు, కొబ్బరితోటల్లో అవి కిలోమీటరు రెండు కిలోమీటర్లు దాటవని ఆయన వాదన. పిల్లల కోసమైనా పెడితే బాగుండును.

ఆదివారం షాపు ఉండదు. వెళ్లేటప్పుడు జతగాడిని వెంటబెట్టుకుని, రెండిళ్ల డాబాల ఫొటోలు తీసుకెళ్లండి, ఎన్ని మీటర్ల వైరు పడుతుందో అక్కడే లెక్క కట్టి చెబుతారు.