కూచిపూడి డ్రెస్సులకైతే వెళ్ళండి, గరగలకి మాత్రం వద్దు

కాకినాడలో డాన్స్ డ్రెస్సులూ నగలూ అద్దెకిచ్చే ఒక షాపు సంగతి ఇది. పేరు రాయట్లేదు, ఓనరు మంచాయనే, సరుకే సగం బాగుంది సగం బాలేదు. మా అమ్మాయి స్కూల్ యానివర్సరీకి కూచిపూడి ఒకటి, నెత్తిన అమ్మవారి కుండ (అదే గరగ) పెట్టుకుని ఆడే గరగ నృత్యం ఒకటి, చివర్లో వీరభద్రుడి వేషంతో ఆడే చిన్న వీరనాట్యం ముక్క పెట్టారు, డ్రెస్సులు తెచ్చే పని నా నెత్తిన పడింది.

కూచిపూడి సామానుకి వంక పెట్టలేం. గజ్జెలు అచ్చ ఇత్తడివి, తోలు పట్టా మీద అయిదు వరసలు, కుట్టు ఎక్కడా వదులు కాలేదు, చెవి దగ్గర ఊపి చూస్తే అన్నీ పలికాయి (అద్దె గజ్జెల్లో సగం మూగవే ఉంటాయి మామూలుగా). తరంగానికి, అంటే పళ్ళెం అంచు మీద నిలబడి ఆడే నాట్యానికి, ఇచ్చిన పళ్ళెం అంచు గుండ్రంగా మడిచి ఉంది, వేలితో చుట్టూ తడిమి చూశాను, ఎక్కడా గీసుకోలేదు. పిల్ల ఆ అంచుని కాలివేళ్ళతో పట్టుకునే జరగాలి కదా, పలచటి స్టీలు పళ్ళెం అయితే పాదం తెగినట్టే. సత్యభామ జడ కూడా ఉంది, అద్దె కాస్త ఎక్కువే. భామాకలాపం అనే కూచిపూడి నాటకంలో సత్యభామ తెర మీద నుంచి జడ వేసి, నన్ను మించినవాళ్ళుంటే కోసెయ్యండని సవాలు చేస్తుంది, అలాంటి జడ ప్లాస్టిక్ పూసలతో ఉంటే ఏం బావుంటుంది? ఇది బరువుగా, గట్టిగా ఉంది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆడవేషం కట్టి పేరు తెచ్చుకున్న పాత్ర మరి.

మన జిల్లాల నాట్యం దగ్గరకొచ్చేసరికే చేతులెత్తేశాడు. గరగలు అడిగితే థర్మాకోల్ కుండకి బంగారు కాగితం అంటించి ఇచ్చాడు, "దూరం నుంచి తేడా తెలీదు మేడమ్" అని భరోసా ఒకటి! పెద్దాపురం మరిడమ్మ జాతర చూసినవాళ్ళెవరైనా ఆ మాటంటారా? నాగపడగున్న గరగంటే అమ్మవారే, ఇల్లిల్లూ తిరుగుతుంటే మోసేవాళ్ళ కాళ్ళ మీద ఆడవాళ్ళు పసుపు నీళ్ళు పోస్తారు. పైగా ఆ బరువుకే అది చుట్టకుదురు (నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట) మీద కుదురుగా కూర్చుంటుంది, చెయ్యి వదిలేసి డప్పు దెబ్బకి అడుగెయ్యొచ్చు. ఈ థర్మాకోల్‌ది రిహార్సల్లో మొదటి దెబ్బకే కనుబొమ్మల మీదకి జారింది. చుట్టకుదురు ఏదని అడిగితే షాపాయన నా మొహం చూశాడు.

వీరభద్రుడి వేషమని శివుడి డ్రెస్ తీశాడు, నీలం విగ్గు, పులి చారల పాలియెస్టర్ గుడ్డ. వీరభద్రుడు ధ్వంసం చేసిన దక్షయజ్ఞం జరిగిందని చెప్పుకునే ద్రాక్షారామం ఇక్కడికి గంట దూరం! చివరికి అటువైపే వీరనాట్యం ఆడే ఒక పెద్దాయన తన ఎర్ర దట్టీ (నడుముకి కట్టే గుడ్డ) ఇచ్చి, డబ్బులిస్తే "పిల్లలకి కదమ్మా" అని తీసుకోలేదు. గరగలకి ఇంట్లో ఇత్తడి చెంబులు, పాత చీర చుట్టకుదురూ పెట్టుకోమన్నదీ ఆయనే.

కూచిపూడి డ్రెస్సు 600, డిపాజిట్ 1500. తిరిగిచ్చేటప్పుడు హుక్కు ఊడిందని 100 కోశాడు, తీసుకున్నప్పుడే ఊడి ఉంది, కాబట్టి ముందే ఫోటోలు తీసుకోండి. డిసెంబర్, జనవరిలో స్కూళ్ళన్నీ ఒకేసారి మీద పడతాయి, చిన్న సైజులు ముందు అయిపోతాయి.