కార్నివోరస్ ప్లాంట్ న్యూస్‌లెటర్: అచ్చు ఆపడమా, లోపలి సరుకు మార్చడమా?

అంతర్జాతీయ కీటకాహార మొక్కల సంఘంలో, అంటే ఐసీపీఎస్‌లో, సభ్యత్వం తీసుకుంటే అందే పత్రిక ఇది. 1972లో డాన్ ష్నెల్, జో మజ్రిమాస్ మొదలుపెట్టారు. అప్పట్లో టైపు కొట్టిన కాగితాలు. ఇప్పుడు నిండా రంగుల ఫొటోలతో మూణ్ణెల్లకోసారి, మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో వస్తుంది. మొక్కల సంఘాల పత్రికలన్నిటి చుట్టూ తిరిగే వాదనలే దీని చుట్టూ కూడా ఉన్నాయి. అచ్చు మానేసి పీడీఎఫ్ ఒక్కటే పంపితే పోదా? వర్గీకరణ (మొక్కల జాతులు, పేర్ల గురించిన) వ్యాసాలు తగ్గించి పెంపకం వ్యాసాలు పెంచితే మేలు కదా? సభ్యులు కానివాళ్లకు కూడా తెరిచేస్తే ఏం? వీటిలో అచ్చు గొడవకు అవసరానికి మించిన ప్రాధాన్యం దక్కుతోంది. నిజంగా మారాల్సింది పెంపకం వ్యాసాలు రాసే తీరు.

ముందు, ఏది కదపకూడదో చూద్దాం. ఈ సంఘం కీటకాహార మొక్కల సాగు రకాల పేర్లకు అంతర్జాతీయ నమోదు సంస్థ కూడా. కొత్త రకం పేరు నిలబడాలంటే తేదీ వేసిన ప్రచురణలో దాని వర్ణన రావాలి. మిగతా రకాల నుంచి ఎక్కడ తేడానో చెప్పాలి. ఆ గుణాలు నిలవాలంటే ఎలా పెంచాలో కూడా రాస్తారు: విత్తనంతోనా, ముక్కలతోనా, టిష్యూ కల్చర్‌తోనా అని. బోనులా మూసుకునే ఆకులతో పురుగుల్ని పట్టే వీనస్ ఫ్లైట్రాప్‌లో, మొక్కంతా ముదురు ఎరుపు తిరిగే 'అకాయ్ ర్యూ' రకం వర్ణన 1996లో ఈ పత్రికలోనే వచ్చింది. అమ్మేవాళ్లు ఆ పేరుతో ఏ ఎర్ర మొక్క అంటగట్టినా, సరిచూసుకోవడానికి ఆ పేజీయే ఆధారం. సంచికకు నాలుగైదు పేజీలు తినేస్తున్నాయని ఈ వర్ణనల్ని విడిగా ఎక్కడో పెడదామంటే ఒప్పుకోకూడదు. ఓపిక లేనివాళ్లు ఆ పేజీలు తిప్పేస్తారు, అంతే.

పీడీఎఫ్‌కు వ్యతిరేకంగా చెప్పే కారణాల్లో ఒకటి పాతబడిపోయింది. కొత్త జాతి పేరు అచ్చులో వస్తేనే చెల్లుతుందనే నియమం 2011 దాకా ఉండేది. 2012 జనవరి 1 నుంచి ఐఎస్‌ఎస్‌ఎన్ లేదా ఐఎస్‌బీఎన్ (పత్రికలకు, పుస్తకాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) ఉన్న పీడీఎఫ్‌లో వచ్చినా చెల్లుతుంది. లాటిన్ వర్ణన తప్పనిసరి అన్నదీ అప్పుడే పోయింది, ఇంగ్లిష్ చాలు. కానీ దీనితో పాటు ఒక కట్టుబాటు ఉంది: ఒకసారి ప్రచురించిన ఫైలును మార్చకూడదు. అచ్చుతప్పు కనిపించిందని అదే ఫైలు సవరించి మళ్లీ ఎక్కిస్తే, ఏది అసలుదో తేలక పేరు తేదీ దగ్గరే తగాదా వస్తుంది. సవరణను తర్వాతి సంచికలో విడిగా వేయాలి. పీడీఎఫ్ ఒక్కటే చాలనేవాళ్లు ఈ క్రమశిక్షణకు ముందే మాట ఇవ్వాలి. కొన్ని గ్రంథాలయాలకైనా అచ్చు ప్రతులు చేరేలా చూడాలి. ఈ రెండూ జరిగితే మిగతా సభ్యులకు అచ్చు అలవాటు కోసం తప్ప అవసరం కోసం కాదు.

అచ్చు ఖర్చు గురించి కూడా ఒక మాట. మధ్యలో పిన్ను కొట్టే పల్చటి పత్రికకు పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. ‘ఇంకో రెండు పేజీలు ఇవ్వండి’ అనేది సంపాదకుడి చేతిలో ఉన్న పని కాదు. పేజీలు పెరిగితే బరువు పెరుగుతుంది, బరువు ఒక మెట్టు దాటితే విదేశీ తపాలా ఖర్చు ఒక్కసారిగా ఎగురుతుంది. రంగుల విషయంలో తెరదే పైచేయి. జిగురుతో పురుగుల్ని పట్టే డ్రోసెరా కేశాల ఎరుపు, కూజాల్లాంటి ఆకులుండే సరసీనియా మూతల మీది నరాల మెరుపు అచ్చు సిరాలో మందగిస్తాయి, తెర మీద నిలుస్తాయి. రకాన్ని రంగు చూసి గుర్తుపట్టాలంటే ఈ తేడా చిన్నది కాదు.

ఇక పెంపకం వ్యాసాలు. ఫొటోలు చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ ‘బాగా వెలుతురు వచ్చే కిటికీ’, ‘శుభ్రమైన నీళ్లు’, ‘చల్లటి శీతకాలం’ అని రాస్తే ఆ ఊరు దాటి ఎవరికీ పనికిరావు. వీనస్ ఫ్లైట్రాప్ సొంత చోటు అమెరికాలో కరోలినాల తీరం, సుమారు 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం. అక్కడ డిసెంబర్‌లో పగలు పది గంటలకు పడిపోతుంది, చలి కూడా గట్టిగా ఉంటుంది. దాంతో మొక్క మూడు నాలుగు నెలలు నిద్రపోతుంది. హైదరాబాద్, విశాఖ 17 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఇక్కడ డిసెంబర్‌లోనూ పగలు పదకొండు గంటలు ఉంటుంది, రాత్రి చలి సరిపోదు. ‘శీతకాలంలో ఆరుబయట వదిలేయండి’ అన్న సలహా పాటిస్తే మొక్కకు నిద్ర దొరకదు. ఏటేటా బోనులు చిన్నవవుతూ చివరికి పోతుంది. రాసినవాడి తప్పు లేదు, అక్షాంశం రాయకపోవడమే లోపం.

నీళ్ల సంగతీ అంతే. నీళ్లలో కరిగిన లవణాల కొలత, అంటే టీడీఎస్, 50 లోపు ఉండాలని వ్యాసం చెబితే సరిపోదు, ఆ నీళ్లు ఎక్కడివో చెప్పాలి. మన దగ్గర బోరునీళ్ల టీడీఎస్ చాలా ఊళ్లలో వందల్లో ఉంటుంది. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉందని ధీమా పడితే, చాలా యంత్రాల్లో ఉండే మినరల్ కార్ట్రిడ్జ్ రుచి కోసం ఉప్పులు మళ్లీ కలుపుతుంది. మీటరు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. వాననీళ్లే మేలు. కుండీల్లో పీట్ (చిత్తడి నేలల్లో దొరికే నాచు మట్టి) బదులు కొబ్బరి పొట్టు వాడేవాళ్లకు ఇంకో చిక్కు: మామూలు నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా పైపై ఉప్పే పోతుంది, పొట్టును పట్టుకున్న సోడియం మెల్లగా దిగుతూ వేళ్లను మాడుస్తుంది.

అందుకే పెంపకం వ్యాసం ఏదైనా మొదట్లో ఒక చిన్న పెట్టె తప్పనిసరి చేయాలి. ఊరు, అక్షాంశం, ఎత్తు, వేసవిలో, చలికాలంలో రాత్రి కనిష్ఠం, నీళ్ల టీడీఎస్, కుండీ మిశ్రమం పాళ్లు, ఘనపరిమాణంలోనా బరువులోనా అన్నదీ, దీపాలు వాడితే ఎన్ని వాట్లు, ఎంత దూరం, ఎన్ని గంటలు, ఎన్ని మొక్కలు పెట్టారు, ఏడాది తర్వాత ఎన్ని మిగిలాయి. చివరి అంకె అన్నిటికన్నా విలువైనది, రాయడానికి ఎవరూ ఇష్టపడనిదీ అదే. అర పేజీ కూడా పట్టదు. కొండల మీద పెరిగే నెపెంథిస్‌లకు (ఆకు కొసన కూజాలు వేలాడే మొక్కలు) రాత్రి పదిహేను డిగ్రీల దగ్గరికి దిగాలని పెట్టెలో కనిపిస్తే, తెలుగు మైదానాల్లో వాళ్లు డబ్బు పోసి కొనకముందే ఆగుతారు.

పాత సంచికలు ఉచితంగా చదవొచ్చు, ఈ సంఘం చేసిన గొప్ప మేలు ఇది. వెతకడమే కష్టం. 1970ల పేజీలు స్కాన్ చేసినవి కనుక యంత్రం లాటిన్ పేర్లను తప్పుగా చదువుతుంది. పూర్తి జాతి పేరు కొట్టకుండా ప్రజాతి పేరులో (లాటిన్ పేరులోని మొదటి మాటలో) మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి చూడండి. పేజీ సంఖ్యలు సంపుటం పొడవునా వరసగా సాగుతాయి కాబట్టి సంచిక సంఖ్య దొరక్కపోయినా సంపుటం, పేజీ ఉంటే చాలు. ఈమధ్య వ్యాసాలకు డీఓఐలు (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్యలు) వచ్చాక కొత్తవాటికి ఈ బాధ తగ్గింది. పాతవాటికి జాతుల వారీగా ఒకే సూచిక తయారుచేస్తే, రెండు కొత్త శీర్షికలు పెట్టినదానికన్నా సభ్యులకు ఎక్కువ లాభం.

మన దగ్గరివాళ్లు చేరాలనుకుంటే డిజిటల్ సభ్యత్వమే తీసుకోండి. సభ్యులకు విత్తనాలు అందించే సంఘం విత్తన బ్యాంకు కోసమే చేరేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి: మన దేశపు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం విదేశీ విత్తనాలకు దిగుమతి అనుమతి, తెగుళ్లు లేవని పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ ధ్రువపత్రం ఉండాలి. మేఘాలయ నెపెంథిస్ ఖాసియానా, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం మొదటి జాబితాలో ఉంది, దాని కాగితాలు వేరు. విత్తన బ్యాంకు పేజీలో ఈ నియమాలను దేశాల వారీగా ఒక్కో వరుసలో వేసినా చాలా పొట్లాలు కస్టమ్స్‌లో ఆగకుండా ఉంటాయి.