1180 రూపాయల డెలిగేట్ పాసు: తిరువనంతపురం చలనచిత్రోత్సవంపై ఒక సమీక్ష

ఉత్సవాల పేరుతో నడిచే సేవలకు నేను ఇప్పటికి రెండుసార్లు సొంత డబ్బు చెల్లించాను. మొదటిది ఒక ఆన్‌లైన్ అవార్డుల ఉత్సవం; అలాంటివి చాలానే ఉన్నాయి కనుక దాని పేరుతో ఇక్కడ పని లేదు. ఎంట్రీ ఫీజు కట్టి, నా ఇరవై రెండు నిమిషాల సినిమా లింకు పంపిన మూడు వారాలకు, రెండు ఆకుల రెమ్మల మధ్య ‘ఉత్తమ లఘుచిత్రం’ అని రాసిన బొమ్మ ఒకటి మెయిల్లో వచ్చింది. షీల్డు కావాలంటే వేరే రుసుము, కొరియర్ ఖర్చు అదనం. సంబరంగా అమ్మకు ఫోన్ చేయబోతూ, ఆ లింకును ఎందరు తెరిచారో చూపించే అంకె వైపు ఎందుకో చూశాను. సున్నా. నా సినిమాను ఎవరూ చూడకుండానే ఉత్తమమని తేల్చేశారన్నమాట. రెండోసారి కొనుక్కున్నది కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం డెలిగేట్ పాసు, అంటే అక్కడ సినిమాలు చూసేందుకు ప్రేక్షకులు తీసుకునే పాసు. ఈ సమీక్ష దాని గురించే అయినా, ఒక ఉత్సవంలో దేన్ని కొలవాలో నాకు నేర్పింది మాత్రం ఆ సున్నాయే.

1996లో కోళిక్కోడ్‌లో మొదలై, తర్వాత తిరువనంతపురంలో స్థిరపడిన ఈ ఉత్సవాన్ని ఆ రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన చలచిత్ర అకాడమీ నడుపుతోంది. నేను వెళ్ళింది 2024 డిసెంబరు 13 నుంచి 20 వరకు జరిగిన 29వ ఉత్సవానికి. పాసు ధర జీఎస్టీతో కలిపి 1180 రూపాయలు, విద్యార్థులకు అందులో సగం. ఆ డబ్బుకు మెడలో వేసుకునే కార్డు, ఒక గుడ్డసంచి, కార్యక్రమాల పుస్తకం, 15 తెరల మీద 170కి పైగా చిత్రాలు. రోజుకు మూడో నాలుగో చొప్పున నేను ఇరవై ఏడు చూడగలిగాను కనుక ఒక్కో సినిమా 44 రూపాయల లోపే పడింది. మన మల్టీప్లెక్సులో ఆ డబ్బుకు మంచినీళ్ళ సీసా దొరికినా గొప్పే. పోటీ విభాగం ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల చిత్రాలకే పరిమితం. అందులో అత్యున్నత బహుమతి సువర్ణ చకోరం. చకోరమంటే మనకు వెన్నెల తాగి బతికే కావ్యాల పక్షి. అక్కడ ఆ బహుమతిని ఇంగ్లీషులో పిలిచే ‘క్రో ఫెజంట్’ అనే పేరును మన భాషలో చెప్పుకుంటే అది పెరట్లో తిరిగే జెముడు కాకి అవుతుంది. ఒక చలనచిత్రోత్సవానికి వెన్నెల పక్షి కంటే పెరటి పక్షే తగినదని నాకనిపించింది.

సీటు రిజర్వేషన్ ముందురోజు ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. పెద్ద ఉత్సవాల్లో బహుమతులు పొంది వచ్చిన సినిమాలైతే నిమిషాల మీద నిండిపోతాయి. రెండో రోజున నేను 8.20కి నిద్రలేచాను, తప్పు పూర్తిగా నాదే, ఫలితం మరుసటి రోజంతా రిజర్వేషన్ లేనివాళ్ళ వరుసలో నిలబడటం. అయితే ఈ ఉత్సవంలో నాకు అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఆ వరుసే అని తర్వాత అర్థమైంది.

వరుసల గురించి అంటే ముందు మొదటి రోజు సంగతి చెప్పాలి. తంపానూరులో రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో కైరళి, శ్రీ, నిళ అనే మూడు థియేటర్లు ఒకే ఆవరణలో ఉన్నాయి. అక్కడి వరుసలో నేను హైదరాబాద్ నుంచి వచ్చానని చెప్పగానే, నా ముందున్న ఇద్దరు విద్యార్థులు అడిగింది సినిమాల గురించి కాదు, అరెస్టు గురించి. అంతకు తొమ్మిది రోజుల ముందు, డిసెంబరు 4 రాత్రి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక ప్రీమియర్ షో దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది. సరిగ్గా ఉత్సవం మొదలైన రోజునే ఆ చిత్ర కథానాయకుడు అల్లు అర్జున్‌ను పోలీసులు అరెస్టు చేశారు, అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. కేరళ కుర్రకారు ఆ నటుణ్ణి మల్లు అర్జున్ అని సొంతం చేసుకున్నది కనుక, ఆ పూట ఫోన్లన్నింటిలోనూ అదే వార్త. ఇరాన్ సినిమా కోసం నిలబడిన మనుషులు నన్ను చిక్కడపల్లి పోలీస్ స్టేషన్ ఎటువైపు ఉంటుందని అడుగుతుంటే, రెండు లోకాలు అనుకున్నవి ఒకే గేటు ముందు కలిసినట్టయింది.

మా వెనక, అరవై దాటిన ఒకావిడ కార్యక్రమాల పుస్తకాన్ని అరచేతిలో మడిచి పట్టుకుని ఉన్నారు. పెన్సిల్‌తో చూడాల్సిన వాటికి గీత, వీలైతే చూడాల్సిన వాటికి చుక్క, ఇంతకు ముందే చూసిన వాటికి అడ్డగీత పెట్టుకున్నారు. మా మాటలు విని, ఆవిడ ఒకే ప్రశ్న వేశారు: ఆ రాత్రి అక్కడికి వెళ్ళినవాళ్ళలో సినిమా చూడటానికి వెళ్ళినవాళ్ళెందరు, మనిషిని చూడటానికి వెళ్ళినవాళ్ళెందరు? నా దగ్గర జవాబు లేదు. మనవాళ్ళకు సినిమా మీద ప్రేమ తక్కువని నేనెన్నడూ అనను. తెల్లవారుజామున నాలుగు గంటల ఆటకు, పెంచిన టికెట్ ధరకు, నిద్ర మానుకుని వెళ్ళేవాడికి ప్రేమ లేదని ఎలా అంటాం? ఆ ప్రేమను కటౌటు దగ్గరే ఆపేసి, తీసినవాడి వరకు, తీసిన తీరు వరకు రానివ్వని ఏర్పాటు మీదే నా పేచీ అంతా.

హాలు లోపలి అనుభవం గురించి ఒక్క ఉదాహరణ చాలు. ఐదో రోజు మధ్యాహ్నం చూసిన ఒక సినిమాలో దాదాపు నాలుగు నిమిషాల పాటు మాట లేదు, సంగీతం లేదు. ఒక స్త్రీ వంటగదిలో గిన్నెలు తోముతూ ఉంటుంది, అంతే. ఇలాంటి షాట్ నేనూ ఒకటి తీశాను, దాన్ని ఎడిటింగ్‌లో భయపడి నలభై సెకన్లకు కుదించాను. ఆ నాలుగు నిమిషాలూ నేను తెరను వదిలి జనాన్ని చూశాను. ఎవరూ కదల్లేదు. ఒక్కచోట ఫోన్ వెలిగితే మూడు వరుసల నుంచి ఒకేసారి ‘ష్ష్’ అన్నారు, అది ఆరిపోయింది. ఇంటికి వచ్చాక ఆ షాట్‌ను తిరిగి పూర్తి నిడివికి తెచ్చాను. 1180 రూపాయలకు నేను కొనుక్కున్నది సినిమాలను కాదు, సినిమా చూడటం తెలిసిన జనం మధ్య ఒక సీటును.

ఇక రాజకీయం. ప్రభుత్వం నడిపే ఉత్సవం కనుక మంత్రుల ఉపన్యాసాలు తప్పవు. కానీ ఇక్కడి ప్రేక్షకుడు ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి ఊరుకునే రకం కాదు. 2022లో సీట్ల రిజర్వేషన్ తీరు మీద అసంతృప్తితో, ముగింపు సభలో అకాడమీ అధ్యక్షుడు మాట్లాడుతుండగానే డెలిగేట్లు కూతలు పెట్టారు. 2016లో, సినిమాకు ముందు జాతీయగీతం తప్పనిసరి అన్న సుప్రీంకోర్టు ఉత్తర్వు వెలువడిన రోజుల్లో, ఇదే ఉత్సవంలో లేచి నిలబడలేదని కొందరు డెలిగేట్లను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. 2018 జనవరిలో కోర్టు ఆ నిబంధనను ఐచ్ఛికం చేసింది. 2018 వరదల తర్వాత ప్రభుత్వం ఉత్సవాలకు డబ్బు ఇవ్వలేనంటే, పాసు ధరను 2000 రూపాయలకు పెంచి, ఖర్చు తగ్గించుకుని అయినా జరిపారు. ఆ ఏడాది రెండు వేలు కట్టిన జనాన్ని తలచుకుంటే, ఉచిత పాసు ఉంటే చూడమని అడిగే మన అలవాటు నన్ను కొంచెం ఇబ్బంది పెడుతుంది.

2025 డిసెంబరులో 30వ ఉత్సవానికి నేను వెళ్ళలేకపోయాను, వార్తల్లోనే చూశాను. ఉత్సవాల్లో చూపే విదేశీ చిత్రాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ సెన్సార్ మినహాయింపు ఇవ్వాలి. ఆ ఏడాది 19 చిత్రాలకు అది రాలేదు. వాటిలో పాలస్తీనా గురించిన చిత్రాలతో పాటు, 1925 నాటి సోవియట్ మూకీ ‘బ్యాటిల్‌షిప్ పొటెమ్‌కిన్’ కూడా ఉంది. ప్రపంచంలోని ఫిల్మ్ స్కూళ్ళన్నీ మొదటి పాఠంగా చూపే సినిమాకు, సరిగ్గా దాని నూరేళ్ళ పండుగ నెలలో అనుమతి ఆగింది! గొడవ తర్వాత చాలావాటికి అనుమతి వచ్చింది, కొన్ని తెరకెక్కనే లేదు. ఒక సేవను సమీక్షించేవాడిగా చెప్పాలంటే, కార్యక్రమాల పుస్తకంలో అచ్చయిన సినిమాల జాబితాకు హామీ ఇచ్చే అధికారం నిర్వాహకుల చేతిలో పూర్తిగా లేదు. కొనేవాళ్ళు ఇది తెలిసి కొనాలి.

స్వతంత్రంగా తీసేవాళ్ళకు ఈ ఉత్సవం ఏ మేరకు చోటిస్తుందన్న ప్రశ్నకు నా జవాబు కొంత తడబడుతుంది. 2017లో అక్కడి స్వతంత్ర దర్శకులే, తమకు తగిన చోటు దక్కడం లేదని, అదే నగరంలో అవే రోజుల్లో ‘కాళ్చ’ పేరుతో సమాంతర ఉత్సవం పెట్టుకున్నారు. కాబట్టి అంతా సవ్యంగా ఉందనుకోవడం అమాయకత్వం. కానీ ఎదురుగా ఇంకో దుకాణం తెరిచి, దానికీ జనాన్ని రప్పించుకోగలిగారంటే, ఆ నేల మీద అంతకు ముందు జరిగిన సేద్యం గుర్తుకు తెచ్చుకోవాలి. 1965లోనే మలయాళ దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1984లో మరో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, అతని స్నేహితులు ఒడెస్సా అనే బృందంగా ఏర్పడి, ఊరూరా తిరిగి జనం దగ్గర చందాలు పోగుచేసి 1986లో ఒక పూర్తి నిడివి సినిమా తీశారు. క్రౌడ్‌ఫండింగ్ అనే మాట పుట్టకముందే! నేను నా సినిమాను ఇంకా ఆ ఉత్సవానికి పంపలేదు. తిరస్కరిస్తారన్న భయం కన్నా, నిజంగా చూస్తారన్న భయమే ఎక్కువ.

ఇక్కడొక చరిత్ర శకలం నన్ను వదలదు. పోటీ లేని జాతీయ ఉత్సవం ఫిల్మోత్సవ్ 1986లో హైదరాబాద్‌లో జరిగింది, 1988లో తిరువనంతపురంలో. మనకే రెండేళ్ళు ముందు వచ్చింది. వాళ్ళు దాన్ని పట్టుకుని ఎనిమిదేళ్ళలో సొంత ఉత్సవం కట్టుకున్నారు. మనకు బాలల చిత్రోత్సవం ఉండేది, బంగారు ఏనుగు బహుమతితో. 2017లో 20వది జరిగాక ఆ ఏనుగు ఊరికి తిరిగి రాలేదు. సారథి స్టూడియోలో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ప్రదర్శనలకు వెళ్ళిన సాయంత్రాలు, కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ గురించి పెద్దలు చెప్పిన కబుర్లు లేకపోతే నేను ఈ పనిలోకి వచ్చేవాణ్ణే కాదు. విత్తనం లేక కాదు, ఏటా నీళ్ళు పోసే చెయ్యి లేక మన పొలం బీడుపడింది.

తిండి సంగతి క్లుప్తంగా: స్టేషన్ ఎదుట ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ ఉంది, ఎర్ర ఇటుకల గుండ్రటి బురుజులా. లోపల మెట్లుండవు, మెలికలు తిరుగుతూ పైకి ఎక్కే ఏటవాలు నేల, దాని అంచున గోడకు ఆనుకుని బల్లలు. మసాలా దోసెలో బంగాళాదుంపతో పాటు బీట్‌రూట్ కూడా ఉంటుంది కనుక, ముక్క విరవగానే కూర గులాబీ రంగులో బయటపడుతుంది. మన నాలుకకు మొదటిరోజు వింత, నాలుగో రోజుకు అలవాటు. టాగోర్ థియేటర్ దగ్గర జరిగే ఓపెన్ ఫోరమ్ చర్చలకు ఖాళీ కడుపుతో వెళ్ళకండి, అవి అనుకున్న వేళకు ముగియవు.

సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ నేరుగా వెళుతుంది, ఒక పగలూ ఒక రాత్రీ పైన ప్రయాణం. డిసెంబరులో అయ్యప్ప మాలధారులతో నిండిపోతుంది కనుక బెర్తు ముందే చేయించుకోవాలి. గది తంపానూరు పరిసరాల్లోనే తీసుకుంటే, తొలి ఆటకు నడిచి వెళ్ళవచ్చు. అలారం మాత్రం ఉదయం 7.50కి పెట్టుకోండి.