జిప్సీ కింద మొండి బోల్టు: గ్రైండరా, రంపమా, గ్యాసా?

పాత మారుతి జిప్సీకి నాలుగు చక్రాల దగ్గరా కమాను పట్టీలే (లీఫ్ స్ప్రింగులు). వాటిని దించుదామని కిందికి దూరితే నట్టు ఊడొస్తుంది, బోల్టు మాత్రం కొంచెం తిరిగి, స్పానర్ వదలగానే వెనక్కి వచ్చేస్తుంది. అంటే అది బుష్ (పట్టీ చివర కంట్లో దూర్చిన రబ్బరు తొడుగు) లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది, మీరు తిప్పుతున్నది రబ్బరుని. సుత్తితో బాదితే బ్రాకెట్ వంగుతుంది తప్ప బోల్టు రాదు, ఇక కొయ్యడమే.

అందరి చెయ్యీ ముందు 4 అంగుళాల గ్రైండర్ మీదికే వెళ్తుంది. అందితే అంత వేగంగా కోసేది ఇంకోటి లేదు, కానీ ఇక్కడ అందదు. కోసే చక్రం బోల్టు మధ్యకి వెళ్లేలోపే గ్రైండర్ తల ఛాసీకి తగులుతుంది, గార్డు తీసేసి ఇరికిద్దామనిపిస్తుంది (నేనూ చేశాను, చక్రం పగిలి ముక్క చెవి పక్కనుంచి పోయింది, మళ్లీ చెయ్యలేదు). పైగా పెట్రోలు పైపు ఛాసీ వెంబడే పోతుంది, నిప్పురవ్వలు పడేదీ అటే.

గ్యాస్ కటింగ్ గురించి ఒక్క మాట: ట్యాంకు దింపకుండా వద్దు. రబ్బరు కూడా అంటుకుంటుంది.

నా ఓటు ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు రంపానికి, అదే రెసిప్రొకేటింగ్ సా. బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది కదా, అక్కడ రబ్బరుని పక్కకి నొక్కి బ్లేడు దూర్చి, రెండు వైపులా కోస్తే పట్టీ దానంతటదే కింద పడుతుంది, అందుకే ముందే జాకీ పెట్టుకోండి. అంగుళానికి 18 పళ్ల బైమెటల్ (రెండు లోహాలు అతికిన) బ్లేడు చాలు, బోల్టు తల మీద 10.9 అని ఉంటే (అంటే గట్టి ఉక్కు బోల్టు) మాత్రం కార్బైడ్ పళ్లది తీసుకోండి, లేకపోతే పళ్లు అరిగిపోతాయి, బోల్టు మీద గీత పడుతుంది అంతే. వేగం తగ్గించి, కాస్త నూనె వేస్తూ, రంపం ముందున్న పాదాన్ని ఇనుముకి గట్టిగా ఆనించాలి. ఆనకపోతే రంపం మొత్తం ఎగురుతుంది, బ్లేడు విరుగుతుంది. చాలా రంపాల్లో బ్లేడుని తలకిందులుగా కూడా బిగించొచ్చు, కింద పడుకుని పైకి కోసేటప్పుడు అదే పనికొస్తుంది.

కరెంటు లేకపోతే ఒట్టి హ్యాక్సా బ్లేడుకి గుడ్డ చుట్టి కోసినా తెగుతుంది. ఒక్కో బోల్టుకి ఒక మధ్యాహ్నం రాసిపెట్టుకోండి మరి.