మూడేళ్లు వాడాక: స్లో జ్యూసర్, బ్లెండర్

పొద్దున్నే ఓపిక కోసం తాగేదైతే జ్యూసర్ కన్నా బ్లెండరే నయం. మూడేళ్లుగా రెండూ వంటగట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి. బ్లెండర్ రోజూ తిరుగుతుంది, జ్యూసర్ వారానికి రెండుసార్లు. తేడా రుచిలో లేదు, జల్లెడ కడగడంలో ఉంది.

ముందు జ్యూసర్ సంగతి. 150 వాట్ల మోటారు, లోపల లావుపాటి ప్లాస్టిక్ మరస్క్రూ, దాని చుట్టూ సన్నని జల్లెడ. నిమిషానికి 50 చుట్ల లోపే తిరుగుతుంది కాబట్టి చప్పుడు తక్కువ, నురగ తక్కువ. క్యారెట్, బీట్‌రూట్, యాపిల్, కీరా లాంటివి దీనికి బాగా నప్పుతాయి. అరకిలో క్యారెట్‌కు కాస్త అటూఇటూగా పావు లీటరు రసం వస్తుంది. పిప్పిని గుప్పిట్లో పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలితే మామూలే. ధారగా కారుతోందంటే ముందు గిన్నె అడుగున పిప్పి దారిని మూసే రబ్బరు బిరడా చూడాలి. కడిగేటప్పుడు తెరిచి, మళ్లీ నొక్కడం మరిచిపోతే పిప్పి పిండకుండానే బయటికి జారిపోతుంది. మెషిన్ చెడిపోయిందనుకునే వాటిలో చాలావరకు ఈ బిరడా తప్పులే.

రెండో తంటా నార. కాడలున్న ఆకుకూర, అల్లం, పైనాపిల్ నడిమి గట్టిభాగం పొడవుగా వేస్తే పీచు స్క్రూకు చుట్టుకుంటుంది. రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి, గుప్పెడు ఆకు తర్వాత ఒక యాపిల్ ముక్క చొప్పున వేస్తే ఆ గట్టి ముక్కే ఆకును కిందికి తోస్తుంది. ఇరుక్కుంటే కర్రతో బలంగా నొక్కకూడదు. రివర్స్ బటన్ నాలుగైదు సెకన్లు నొక్కి వదిలి, మళ్లీ ముందుకు తిప్పాలి. రెండుసార్లకూ కదలకపోతే ప్లగ్ తీసి, విప్పి కడగడమే. గడ్డకట్టిన ముక్కలు, టెంకలు వేస్తే స్క్రూ పగులుతుంది. అరటి, బొప్పాయి వేయనే వద్దు. రసం రాదు, జల్లెడ మూసుకుపోతుంది.

కడగడం ఆలస్యం చేస్తే మాత్రం శిక్షే. పని అయిన వెంటనే రసం వచ్చే మూత మూసి, గ్లాసుడు నీళ్లు పోసి పది సెకన్లు తిప్పి వదిలేస్తే సగం పని అయిపోతుంది. మిగతాది బ్రష్‌తో, కుళాయి కింద, జల్లెడ బయటి వైపు నుంచి. పిప్పి ఎండిందా, ఒక్కో రంధ్రాన్నీ బతిమాలుకోవాల్సిందే. కొన్నాళ్లకు జల్లెడ మీద పట్టే తెల్లటి పొరకు లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచా సిట్రిక్ యాసిడ్ కలిపి అరగంట నానబెట్టాలి. ప్లాస్టిక్‌కు పట్టిన క్యారెట్ రంగు సబ్బుకు లొంగదు. ఆ కెరోటిన్ నూనెలో కరిగే రకం కాబట్టి, ముందు రెండు చుక్కల వంటనూనె రుద్ది, ఆ తర్వాత సబ్బు పెడితే వదులుతుంది.

ఇక ఓపిక విషయం. పిప్పితో పాటు పీచు పోతుంది, చక్కెర మాత్రం గ్లాసులోనే ఉంటుంది. 250 మి.లీ. నారింజ రసంలో సుమారు 20 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్ల రసంలోని చక్కెరను కూడా విడి చక్కెర (విడిగా కలుపుకునే చక్కెర లాంటిది) కిందే లెక్కగడుతుంది. పీచు లేని ఉత్త పండ్ల రసం తాగితే కాసేపటికే మళ్లీ ఆకలేస్తుంది. జ్యూసర్‌లో మూడొంతులు కూరగాయ, ఒక వంతు పండు వేస్తేనే అర్థం ఉంది.

బ్లెండర్‌లో ఒకరికి సరిపోయే కొలత ఇది: 200 మి.లీ. పాలు లేదా పలుచటి పెరుగు, ఒక అరటిపండు, గుప్పెడు పాలకూర, పది నిమిషాలు నానిన రెండు పెద్ద చెంచాల ఓట్స్, ఒక పెద్ద చెంచా గింజలు. పీచు, ప్రోటీన్, కొవ్వు మూడూ ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం దాకా నిలబడుతుంది. వేసే వరుస ముఖ్యం. అడుగున ద్రవం, దాని మీద ఆకు, మెత్తనివి, అన్నిటికన్నా పైన గడ్డకట్టినవి. తలకిందులు చేస్తే బ్లేడు చుట్టూ గాలి గూడు కట్టి, మోటారు కీచుమంటుంది గానీ లోపల ఏదీ కదలదు. అప్పుడు ఆపి, జార్ గోడలు గరిటెతో దులిపి, రెండు చెంచాల నీళ్లు పోస్తే చాలు. నిమిషం మించి తిప్పితే వేడెక్కి రుచి చెడుతుంది.

తాజా పైనాపిల్, కివీ పాలతో వేస్తే వెంటనే తాగేయాలి. వాటి ఎంజైములు పాల ప్రోటీన్‌ను విరిచి, కాసేపట్లో చేదు చేస్తాయి. నారింజ గింజలు నలిగినా చేదే. అరటి, బెర్రీల జోడీ రుచికి బాగుంటుంది గానీ, అరటిలోని ఎంజైము బెర్రీల్లోని ఫ్లావనాల్స్ (ఒంటికి మేలు చేసే మొక్కల పదార్థాలు) ఒంటికి పట్టడాన్ని బాగా తగ్గిస్తుందని 2023లో అమెరికాలోని యూసీ డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. బెర్రీలు వేసేది ఆ ఫ్లావనాల్స్ కోసమే అయితే అరటి మానేయండి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు ఆకుకూర మోతాదు ఉన్నట్టుండి పెంచకూడదు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లున్నవాళ్లు పాలకూర, బీట్‌రూట్ రోజూ తాగే ముందు డాక్టర్‌ను అడగాలి.

కొత్తగా కొనేవాళ్లు వాట్లకన్నా ముందు జల్లెడ, రబ్బరు రింగు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోండి. మోటారు కన్నా ముందు పోయేవి అవే.