అమ్మ క్యాసెట్లు, నా ఎనిమిదేళ్ల ఫ్లాక్ వాడకం

అమ్మ మైలాపూరులో సంగీతం నేర్చుకున్న రోజుల్లో పాఠాలన్నీ క్యాసెట్లలో రికార్డు చేసుకునేది. అలాంటివి ఇంట్లో 40కి పైగా ఉండేవి. 2011లో వాటిలో పదింటిని ఒక షాపులో ఇచ్చి ఎంపీ3 చేయించాను. 128 కేబీపీఎస్‌లో చేసిచ్చారు. సెకను శబ్దానికి ఎన్ని కిలోబిట్లు వాడాలో చెప్పే ఆ అంకెకు అర్థమేమిటో అప్పుడు నాకు తెలీదు. తర్వాత చెన్నై తేమకు ఆ పది టేపులకూ బూజు పట్టింది. ఆ పది పాఠాలకూ ఇక మిగిలినవి ఎంపీ3లే.

మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే బాధేస్తుంది. ఒకే ధారగా సాగాల్సిన తంబురా నాదం నీళ్లలోంచి వస్తున్నట్టు కదులుతూ ఉంటుంది. టీచరుగారు తొడ మీద వేసే తాళం దెబ్బ ఖణీమని పడదు, దానికి ముందే సన్నటి బుస ఒకటి వినిపిస్తుంది. చెవికి అంతగా ఆనదనుకున్న శబ్దాన్ని తీసేసి ఎంపీ3 సైజు తగ్గిస్తుంది. 320 కేబీపీఎస్‌లో అయితే నాకు తేడా దాదాపు తెలియదు, 128లో మాత్రం తెలిసిపోతుంది. వాటినే ఫ్లాక్‌లోకి, అంటే శబ్దంలో ఏమీ పారేయకుండా సైజు తగ్గించే ఫార్మాట్‌లోకి, మార్చి చూశాను. సైజు నాలుగైదు రెట్లు పెరిగింది గానీ పోయిన నాదం తిరిగి రాలేదు.

అందుకే మిగతా టేపులను 2017 నుంచి నేనే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. పాత క్యాసెట్ డెక్, రిచీ స్ట్రీట్‌లో కొన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. సీడీలో ఉండే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లోనే తీస్తాను. గంట టేపు ఏమాత్రం కుదించని వేవ్ ఫైలుగా 635 ఎంబీ ఉంటే, ఫ్లాక్‌లో 400 అటూ ఇటూ వస్తుంది. కొన్ని సీడీ పాటలు ఇంతకంటే బాగా తగ్గుతాయి. టేపు బుస ఉందే, అది కుదింపుకు లొంగదు. అయినా నాయిస్ తీసే ఫిల్టర్లు అసలు కాపీకి వేయను, దాంతో పాటు గొంతు కూడా పలచబడుతుంది.

నాకు ఫ్లాక్‌లో అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. ప్రతి ఫైలులోనూ అసలు ఆడియోకి లెక్కగట్టిన ఎండీ5 గుర్తు ఉంటుంది, అది వేలిముద్ర లాంటిది, ఆడియో కాస్త మారినా సరిపోలదు. నిరుడు పాత హార్డ్ డిస్క్ మొరాయించినప్పుడు ఫైళ్లన్నీ పరీక్ష పెడితే రెండు చెడిపోయినట్టు బయటపడింది. రెండో డిస్క్‌లోంచి మంచివి తెచ్చి పెట్టుకున్నాను. ఏళ్ల తరబడి దాచాలనుకునే వాళ్లకు ఈ ఒక్క సౌకర్యం చాలు.

ఫోన్‌లోకి మాత్రం ఎంపీ3లాగే కొంత శబ్దం తీసేసి సైజు తగ్గించే ఓపస్ ఫార్మాట్‌లో, 128 కేబీపీఎస్‌లో వేసుకుంటాను. మెట్రో రొదలో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో దానికీ ఫ్లాక్‌కీ నాకు తేడా తెలియలేదు. మామూలుగా బ్లూటూత్ ఎలాగూ మళ్లీ కుదిస్తుంది. తమ్ముడి ఐఫోన్ మ్యూజిక్ యాప్ ఫ్లాక్‌ను తీసుకోదు, వాడికి ఏలాక్‌లోకి మార్చి ఇచ్చాను. అదీ ఏమీ పారేయని ఫార్మాటే.

ఇంకా నాలుగు టేపులున్నాయి. తమిళ నెల ఐప్పసిలో వచ్చే వానలు మొదలయ్యేలోపు వాటినీ ఎక్కించేయాలి.